కళ్యాణదుర్గం బస్సులో చైనా ఫోను

మా చీనీ చెట్లు, అదే బత్తాయి, ఎండిపోతున్నాయి. మా దగ్గరున్న డబ్బు ఒక్క బోరుకే సరిపోతుంది. అది చేనులో ఏ మూల వేయాలో తేల్చుకోవడానికే నా ప్రయాణం. కళ్యాణదుర్గంలో నీళ్లు చూసే ముసలాయన మంచం దిగలేడు. నాలుగు మూలల మట్టి తీసుకుపోతే వాసన చూసి చెబుతాడు. తూర్పు గట్టు అవతలి ఓబులేసుకు తెలిస్తే ముందే బోరు వేసి మా నీళ్లు లాగేస్తాడని నాయన భయం.

పొద్దున ఏడుకు అనంతపురంలో బస్సెక్కాను. ఈ దారిన పోయేవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి, ఎండ తగలదు. పక్కన కూర్చున్న శనక్కాయల వ్యాపారి నా కొత్త చైనా ఫోను చూసి మొహం చిట్లించాడు.

"దాంట్లో గుట్టు మాట్లాడొద్దప్పా. చైనాలో సర్కారు అడిగితే కంపెనీవాడు కాదనేదానికి లేదు. నువ్వనేదంతా వాళ్లకిచ్చేస్తాడు."

"వాళ్లకు తెలుగు యాడొస్తాదన్నా?"

"వచ్చేవాళ్లను జీతమిచ్చి పెట్టుకుంటారు."

ముందు సీటు అవ్వ ఇటు తిరిగింది. "మా అల్లుడు తెలుగు ఎమ్మే చదివి ఇంట్లోనే ఉండాడు నాయనా. ఆ పనికి ఎవురినడగాల?"

నవ్వాను గాని లోపల గుబులే. ఫోనును ఖాళీ టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగించాను.

తొమ్మిదిన్నరకు దిగి, బస్టాండు హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. కళ్లనీళ్లు వచ్చాయి, అయినా తినండి. ముసలాయన మూడు మూటలు వాసన చూసి పక్కన పెట్టాడు. తూర్పు మట్టికి గట్టిగా తుమ్మాడు. "ఈడనే" అన్నాడు.

రెండు గంటల బస్సుకు తిరుగుముఖం పట్టాను. దారిలో డబ్బా మోగింది. ఆ ఫోన్ల స్పీకరు సంగతి తెలుసు కదా, బస్సంతా నన్నే చూసింది. తీస్తే నాయన. ఆయనకు చెవుడు.

"ఇంటికొచ్చి చెప్తా" అన్నాను. వినడే. ఇక తప్పక, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గుసగుసగానే మూడుసార్లు చెప్పాను.

"ఏందీ, తూర్పు గట్టు పక్కనా?" అని నాయన గొంతు బస్సంతా మోగింది.

వెనక సీట్లోంచి ఓబులేసు లేచాడు. ఎప్పుడు ఎక్కాడో, ఖర్మ.

"విన్న్యాలే అన్నా. పెద్దాయన్ను ఇంగ అరవొద్దను, గొంతు పోతాది."

మర్నాడే గట్టు అవతల బోరు బండి దిగింది. సాయంత్రందాకా లేచింది దుమ్మే. పాపం ఓబులేసు తెల్లగా తయారయ్యాడు. అది చూసి మేము ముసలాయన మాట పక్కనపెట్టి పడమటి మూల వేసుకున్నాం, నీళ్లు పడ్డాయి, చెట్లు బతికాయి.

చైనా సర్కారు నా గుసగుస విన్నదో లేదో నేటికీ తెలియదు. విని, నమ్మి ఉంటే మాత్రం వాళ్లకూ దుమ్మే.