మెయిన్ రోడ్డు డ్రాయింగు మీద నా సంతకం

రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్ళున్నాయనగా, ఒక జూన్ నెలలో, నేను కనిగిరి నుంచి బదిలీ మీద ఆ పట్టణానికి మున్సిపల్ ఇంజినీరుగా వచ్చాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి పొలాల నడుమ ఉన్న వ్యాపారపు ఊరు అది. ఈ సంగతిలో ఉన్నవాళ్ళు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు.

మున్సిపాలిటీలో కమిషనర్ తరువాత రోడ్లు, నీళ్ళు, కాలువల బాధ్యత మున్సిపల్ ఇంజినీరుదే. కింద అసిస్టెంట్ ఇంజినీర్లు కొలతలు తీసి డ్రాయింగులు తయారుచేస్తారు. డ్రాయింగు కుడివైపు కింద మూలన మూడు గడులుంటాయి: తయారుచేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. రెండో గడి నాది. ఈ కథంతా ఆ గడి గురించే.

ఆ ఊరి మెయిన్ రోడ్డు బస్టాండు నుంచి మిర్చి కోల్డ్ స్టోరేజీల మలుపు దాకా ఉంటుంది. సీజన్లో లారీలు, ట్రాక్టర్లు, సరుకు ఆటోలు, వాటి సందుల్లో సైకిళ్ళు, కాలినడకన పనికి పోయే కూలీలు. నేను వచ్చిన ఏడాదే ఒక ప్లాను గీశాను: రెండువైపులా దుకాణాల అరుగులు తీసేసి, రోడ్డు వెడల్పు చేసి, నడుమ డివైడరు కట్టడం. దాన్ని వరసగా ముగ్గురు కమిషనర్ల ముందు పెట్టాను. ముగ్గురూ చూసి మెచ్చుకున్నారు. అరుగులు కొట్టించే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. ఫైలు బీరువాలోనే ఉండిపోయింది.

నాలుగో ఏడు వానాకాలంలో రత్నకుమారి గారు అసిస్టెంట్ ఇంజినీరుగా వచ్చారు. తాడేపల్లి దగ్గర పెరిగిన మనిషి. తండ్రి మిషన్ స్కూల్లో టీచరు. ముప్పై ఏళ్ళు దాటలేదు. వచ్చిన నెలలోనే మెయిన్ రోడ్డు మీద నాలుగు రోజులు వరసగా ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని లెక్కలు రాసుకున్నారు. మేమూ లెక్కలు తీస్తాం. కాకపోతే లారీలు, బస్సులు, కార్లు, మోటారు సైకిళ్ళు రాసుకుంటాం. ఆమె నడిచేవాళ్ళనూ సైకిళ్ళనూ రాసుకున్నారు.

ఆ తరువాత ఆమె తెచ్చిన డ్రాయింగులో ఒక్క అరుగు కూడా పోలేదు. ఉన్న రోడ్డునే పంచారు. వాహనాలకు రెండు వరసలు, సరుకు దించుకోవడానికి అక్కడక్కడా లోపలికి జరిపిన చోట్లు, సైకిళ్ళకు విడి దారి, రెండు వైపులా జానెడు ఎత్తు కాలిబాట. నేను వెడల్పు చేస్తే తప్ప కుదరదన్న రోడ్డు, వెడల్పు చెయ్యకుండానే కుదిరింది.

అప్పటికి కొత్తగా వచ్చిన కమిషనర్ గారు ఆ డ్రాయింగును బల్ల మీద పరుచుకుని చాలాసేపు చూశారు. తరువాత నా వైపు తిరిగి, “ఇన్నేళ్ళూ ఇక్కడ ఇది ఎవరికీ తట్టలేదా అండీ?” అన్నారు. ఆయన మామూలుగానే అడిగారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

అక్కడి నుంచి నాకు ఆమె చేసే ప్రతి పనీ కంటికి గుచ్చుకునేది. దుకాణదారులు నన్ను దాటి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చునేవారు. జిల్లా పేపర్లో రోడ్డు మీద టేపు పట్టుకున్న ఆమె ఫోటో వచ్చింది. పక్కనే నిలబడ్డ నా మోచెయ్యి మాత్రమే పడింది. ఇంట్లో నా భార్య ఆ పేపరు చూసి, “ఈ అమ్మాయి ఎంత చురుగ్గా ఉందండీ! మీ దగ్గరేనా పనిచేసేది?” అంది. నేను పేపరు మడిచి అవతల పెట్టాను. ఆఫీసులో ఆమెతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. ఆమె పంపిన కాగితాలను మాత్రం అక్షరాల తప్పులు దిద్ది రెండేసి సార్లు వెనక్కి పంపేవాణ్ణి.

తుది కొలతలతో ఆ డ్రాయింగు సరిచూడటానికి నా దగ్గరికి వచ్చింది. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే కోల్డ్ స్టోరేజీ మలుపు దగ్గర తప్పు కనిపించింది. పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి మూలకు కోసుకుంటూ వస్తాయి. ఆ మూలలో కాలిబాట అంచు రాళ్ళను ఆమె బాగా ముందుకు తెచ్చారు. మామూలు లారీకి అది చాలుతుంది. మా దగ్గర సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఆకాశమంత ఎత్తున వేసుకుని, ట్రాక్టరు వెనక తగిలించుకుని వచ్చే ట్రక్కుకు చాలదు. ఆమె వచ్చింది వానల్లో. సీజన్ ఎలా ఉంటుందో చూడలేదు. నేను మూడు సీజన్లు చూశాను.

“ఇంకేమైనా మార్చాలా సార్?” అని అడిగారు.

“బాగానే ఉందమ్మా,” అన్నాను. రెండో గడిలో సంతకం పెట్టాను.

అప్పుడు నా మనసులో ఏముందో దాచను. రోడ్డు వేశాక మూల ఇరుకైందని డ్రైవర్లు గోల చేస్తారు, ఆమె పేరు కాస్త తగ్గుతుంది, కమిషనర్ గారు మళ్ళీ నన్ను పిలుస్తారు అనుకున్నాను. అంతకన్నా పెద్దది జరుగుతుందని అనుకోలేదు. అనుకోవలసిన ఉద్యోగంలో ఉండి అనుకోలేదు.

సిమెంటు పని మొదలుపెట్టే ముందు ప్రయోగంగా చూద్దామన్నారు కమిషనర్ గారు. సున్నంతో గీతలు గీసి, అంచు రాళ్ళను సిమెంటు లేకుండా పేర్చి, రెండు వారాలు రోడ్డు నడపాలని నిర్ణయం. తీరా అది మొదలయ్యేసరికి మిర్చి రావడం మొదలైంది. మొదటి రోజు సైకిళ్ళ మీద పిల్లలు, పెద్దలు ఆ విడి దారిలో వరసగా పోతుంటే జనం ఆగి చూశారు. నేను కూడా చూశాను. నాకు సంతోషం కలగలేదు.

మూడో రోజు పొద్దున ఒక ట్రాక్టరు ఆ మలుపు తిరిగింది. ట్రక్కు వెనక చక్రం అంచు రాళ్ళ మీదికెక్కింది. రాళ్ళు కదిలి లోడు ఒరిగింది. పై వరస టిక్కీలు జారి కాలిబాట మీద పడ్డాయి. మిర్చిలో రంగు పోయిన తాలు కాయలు ఏరే పనికి వెళుతున్న కోటేశ్వరమ్మ అనే ఆమె ఒక టిక్కీ కింద పడింది. భుజం ఎముక విరిగింది. ప్రాణాపాయం తప్పింది.

మధ్యాహ్నానికి దుకాణదారులు, డ్రైవర్లు ఆఫీసు ముందు చేరారు. కమిషనర్ గారు ప్రయోగం ఆపించి, రత్నకుమారి గారికి మెమో ఇమ్మని నాతో చెప్పారు. తప్పు ఎందుకు జరిగిందో సంజాయిషీ అడిగే కాగితం అది. పై అధికారిగా దాన్ని రాయవలసింది నేనే. రాశాను. “నిర్లక్ష్యంగా” అనే మాట ఎక్కడ పెట్టాలా అని కాసేపు ఆలోచించానంటే నా స్థితి అర్థం చేసుకోవచ్చు. సంతకం పెట్టబోయే ముందు, బాధితురాలి వాంగ్మూలం కూడా జతచేస్తే బాగుంటుందని ఆసుపత్రికి వెళ్ళాను.

కోటేశ్వరమ్మ కట్టు కట్టించుకుని మంచం మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె భర్త. అతను కూడా ట్రాక్టరు డ్రైవరే. ఎలా జరిగిందమ్మా అని అడిగాను.

“ఎట్టా జరిగిందని నన్నడుగుతారేందయ్యా? ఆ మూల చాలదని మొన్నే అన్నాడు మా ఆయన. బండి తోలేవాడికి కనపడింది. ఇంత పెద్ద ఇంజినీర్లు, మీలో ఒక్కరికీ కనపళ్ళేదా?”

ఆమె అంతటితో ఊరుకోలేదు.

“ఆ నడిచే బాట మాత్రం తీసెయ్యబాకండి. ఇన్నేళ్ళూ లారీలకు భయపడతా ముళ్ళకంపల్లో నడిచా. మూల ఒక్కటీ బాగుచెయ్యండి, చాలు.”

ఆఫీసుకు తిరిగివచ్చి మెమో చించేశాను. ఫైల్లో నోటు రాశాను: కోల్డ్ స్టోరేజీ మలుపులో చోటు చాలదని డ్రాయింగు సరిచూసిన రోజే నాకు తెలుసు, తెలిసి కూడా నమోదు చెయ్యలేదు, అసిస్టెంట్ ఇంజినీరు బాధ్యత ఇందులో లేదు. నోటు కమిషనర్ గారికి పంపే ముందు రత్నకుమారి గారిని పిలిచి చదవమన్నాను. నిలబడే చదివారు.

“మీకు ముందే తెలుసా సార్?”

“తెలుసమ్మా.”

“నేను అడిగాను గదా సార్. మీ ముందు నిలబడి అడిగాను.”

“అడిగావు.”

ఆమె కాగితం బల్ల మీద పెట్టారు. “ఆ మూల ఎంత వెనక్కి జరపాలో ఇప్పుడైనా చెప్పండి సార్,” అన్నారు.

మర్నాడు ఇద్దరం ఆ మలుపు దగ్గరికి వెళ్ళాం. కోటేశ్వరమ్మ భర్త నిండు లోడు ట్రాక్టరు తెచ్చి నెమ్మదిగా తిప్పాడు. వెనక చక్రం పోయిన దారి వెంట రత్నకుమారి గారు సున్నం చల్లారు. అంచు రాళ్ళు ఆ గీత దాటి దుకాణాల వైపు జరిగాయి. సైకిలు దారి, కాలిబాట వాటి వెనక్కి వెళ్ళాయి. పని మళ్ళీ మొదలై ఎండాకాలంలోపు పూర్తయింది.

నా మీద విచారణ జరిగింది. సర్వీసు రిజిస్టరులో మందలింపు నమోదైంది. అది న్యాయమే. కోటేశ్వరమ్మ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదని విన్నాను. నేను రిటైరయ్యే దాకా రత్నకుమారి గారు నాతో పని ఉన్నంత వరకే మాట్లాడారు. ఆ ఊళ్ళో ఇప్పుడు ఆ మెయిన్ రోడ్డును మేడం గారి రోడ్డు అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కొంచెం చురుక్కుమంటుంది. దాన్ని మానుకోవాలని చూశాను గానీ కుదరలేదు.

నేర్చుకున్నది ఇది. సరిచూసేవాడికి తయారుచేసినవారి మీద ఇష్టం ఉండనవసరం లేదు. అసూయ ఉన్నా పని ఆగదు. కంటికి కనిపించిన తప్పును కనిపించిన రోజే, తన చేతిరాతతో, డ్రాయింగు మీదనే రాయాలి. రాయకుండా సంతకం పెడితే ఆ తప్పు గీసినవారిది కాదు, సంతకం పెట్టినవాడిది. మిగిలిన సర్వీసులో నా దగ్గరికి వచ్చిన ప్రతి డ్రాయింగునూ ఈ పద్ధతిలోనే చూశాను. వాటిలో ఎక్కువ భాగం రత్నకుమారి గారివే.