ఫెంటనిల్ వద్దన్న పియానిస్టు

2008 అక్టోబరులో నేను మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌కు దగ్గరలోని ఒక ఆసుపత్రిలో సీనియర్ అనస్థీషియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ బల్ల దగ్గర కత్తి సర్జన్‌ది. ఏ మందు ఎంత ఇవ్వాలన్నది మాది.

ఒకరోజు కేసు వెండెల్ అనే జాజ్ పియానిస్టు. డెట్రాయిట్ క్లబ్బుల్లో అతని కుడిచేతి పనితనం గురించి తోటి వాద్యకారులే గొప్పగా చెప్పుకునేవారు. హెరాయిన్ వల్ల రెండుసార్లు జైలుకు వెళ్లాడు. మానేసి ఏడాది దాటింది. మెట్ల మీద పడి ఆ చేతి ఎముకలే విరిగాయి. హెరాయిన్ కూడా చేరే మార్ఫిన్ జాతి మందు ఒక్క చుక్క కూడా తన ఒంట్లోకి వెళ్లకూడదని ముందురోజు నా దగ్గర మాట తీసుకున్నాడు. మళ్లీ మొదలైతే ఈసారి బయటపడలేనన్నాడు. అందుకని చంకలోని నరాల దగ్గర సూది వేసి చేతిని మాత్రమే మొద్దుబారేలా చేశాను. మనిషి మెలకువగానే ఉన్నాడు.

సర్జన్ ప్రసాద్‌ది గుంటూరు, నాకన్నా చిన్నవాడు. రక్తం అడ్డురాకుండా భుజం కింద టూర్నికే పట్టీ బిగించి పని మొదలుపెట్టాడు. ఆ పట్టీ ఎక్కువసేపు ఉంటే, మొద్దుబారిన చేతిలోనూ లోలోపల నొప్పి పుడుతుంది. దానికి మామూలుగా ఇచ్చే ఫెంటనిల్ కూడా మార్ఫిన్ జాతిదే. వెండెల్ నుదుట చెమట పట్టింది. గుండె వేగం పెరిగింది. భుజం కదలసాగింది. అప్పటికి ఎముకలను కలిపే స్క్రూలు సగమే పడ్డాయి.

ప్రసాద్ తెలుగులోకి దిగాడు. "కదులుతున్నాడు సార్. కొంచెం ఫెంటనిల్ పుష్ చేసేయండి. వాడికేం తెలుస్తుంది?"

అతను వద్దన్నాడు, నేను ఒప్పుకున్నాను అన్నాను.

"మాట మీద నిలబడడానికి ఇది మీ దివాణం కాదు రాజుగారూ."

మా తాతల జమీందారీ దివాణం నేను పుట్టకముందే వేలంలో పోయింది. ఆ సంగతి అతనికి చెప్పవలసిన అవసరం కనిపించలేదు.

వెండెల్ కళ్లు తెరిచాడు. మాట్లాడుకునేది తన గురించేనని గొంతులను బట్టి తెలుస్తోందని, తనకు వచ్చిన భాషలో చెప్పమని అడిగాడు.

ఇంగ్లీషులో చెప్పాను. మందు ఇస్తే నొప్పి పోతుంది. లేదా పట్టీ కాసేపు వదలాలి. అప్పుడు గాయం నిండా రక్తం చేరుతుంది, ఆపైన నరాలు సరిగా కనిపించవు, వేళ్లకు ప్రమాదం. ప్రసాద్ నన్ను కోపంగా చూశాడు గాని కాదనలేదు.

వెండెల్ పైకప్పు వైపు చూస్తూ జవాబు చెప్పాడు.

"వేళ్లు పోయినా నేనుంటాను. ఆ మందు వెళ్తే నేనుండను. వదలండి."

వదిలాం. ప్రసాద్ గాయాన్ని అదిమిపట్టి నిలబడ్డాడు. నొప్పి దిగాక పట్టీ మళ్లీ బిగించి, మిగిలిన స్క్రూలు అతి నిదానంగా వేశాడు. వేళ్లన్నీ దక్కాయి.

మరుసటి ఏడాది వెండెల్ మళ్లీ క్లబ్బుల్లో వాయించాడు. ఆ తర్వాత మూడేళ్లకు హెరాయిన్‌తోనే పోయాడని ప్రసాదే ఫోన్ చేసి చెప్పాడు. "అంత కష్టపడి ఏం లాభం సార్?" అన్నాడు.

మూడేళ్లు వాయించాడు కదా అన్నాను.

మెలకువగా ఉన్న రోగి తల దగ్గర నిలబడి, అతనికి రాని భాషలో అతని శరీరం గురించి నిర్ణయించకూడదని ఆ కేసు నాకు నేర్పింది. అతను తీసుకున్న నిర్ణయం ఎంతకాలం నిలుస్తుందన్నది మా చేతిలో ఉండదు.