వదినకు కుట్టిన మడత బూట్లు

నా జీవితంలో నేను సొంతంగా కనిపెట్టిన వస్తువు ఒకే ఒక్కటి. మడత పెట్టి సంచిలో వేసుకునే ఆటల బూట్లు. వాటిని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఒక్కసారి దడేలుమంటుంది. గర్వంతో మాత్రం కాదు.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో బూట్లు కుట్టే చిన్న కార్ఖానా ఉండేది. అందులో నేను కటింగ్ మాస్టర్‌ని. బడి బూట్లకు, ఆటల బూట్లకు రెగ్జిన్, కాన్వాసు కత్తిరించడం నా పని. మా సేటు గుంటూరు వైపు మనిషి. బంద్ రోజు షట్టర్ సగం దించి లోపల పని చేయించేవాడు. రోడ్డు మీద "జై తెలంగాణ" వినపడగానే మిగతా సగం కూడా దించి, "కాసేపు సుత్తి ఆపండయ్యా" అనేవాడు. నల్లగొండవాళ్లం నలుగురం ఆ చీకట్లో ముసిముసిగా నవ్వుకునేవాళ్లం.

ఆలోచన నాకు నల్లగొండ బస్సులో పుట్టింది. ఒకాయన సంచిలో చోటు లేక బూట్లను లేసులతో కట్టి మెడకు వేలాడేసుకుని నిలబడ్డాడు. బస్సు కుదిపినప్పుడల్లా అవి కింద సీట్లో కూర్చున్న ముసలాయన ముక్కుకు తగులుతున్నాయి. ఆయన తిట్టిన తిట్లు చౌటుప్పల్ దాకా విన్నాను. బూటు చపాతీలా మడత పడితే ఈ గొడవే ఉండదు కదా అనుకున్నాను.

మూడు నెలలు దాని మీదే కూర్చున్నాను. మడమ వెనక ఉండే గట్టి అట్ట తీసేసి మెత్తటి స్పాంజి పెట్టాను. రబ్బరు అడుగును రెండు ముక్కలు చేసి, నడుమ గట్టి కాన్వాసు పట్టీతో కలిపాను. ముందు భాగం వెనక్కి తిరిగి, మడమ లోపలికి పడుకుని, మొత్తం రెండు వేళ్ల మందంలో అణిగిపోయేది. సేటు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏవయ్యా, మడతపెట్టి ఇవ్వడానికి మనమేమన్నా చీరలమ్ముతున్నామా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాకి పిల్ల కాకికి ముద్దు కదా. దాన్ని గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇల్లంటే ఎల్బీనగర్ వెనక కాలనీలో రెండు కిరాయి గదులు. అమ్మ, అన్న, వదిన, నేను. అన్నది ట్రాలీ ఆటో. కానీ ఉద్యమం మొదలైనప్పటి నుంచి ఆయన ఆటోలో కంటే ఎల్బీనగర్ చౌరస్తా దీక్షా శిబిరంలోనే ఎక్కువ కనిపించేవాడు. మైకు అందుకుంటే దించేవాడు కాదు. ఒక ర్యాలీలో పోలీసుల లాఠీలు తిని వచ్చాడు. వీపు మీద వాతలు తేలి, పది రోజులు బోర్లా పడుకున్నాడు. అప్పటి నుంచి ఖాకీ బట్ట కనిపిస్తే చాలు, పళ్లు కొరికేవాడు.

నా బూటును మొదట మెచ్చుకున్నది వదినే. దాన్ని రెండు మూడు సార్లు మడిచి, విప్పి చూసింది.

"తమ్మీ, నాకొక జత కుట్టియ్యవా? అమ్మగారింటికి పోయేటప్పుడు బ్యాగుల పెట్కోని పోత. ఆడ పొద్దుగాల జర నడుస్త."

నా ఆనందానికి అంతు లేదు. కుడతాను సరే, కొలత తీసుకోవడం ఎలా? వదిన తల్లితో సమానం. దండం పెట్టుకోవడానికి తప్ప మరిది ఆమె పాదాన్ని ముట్టుకోడు. మా ఇళ్లల్లో అది ఎవరూ చెప్పకుండానే తెలిసిన సంగతి. కార్ఖానాలోనూ అంతే. ఆడవాళ్లు వస్తే కాగితం, పెన్సిలు ఇచ్చేవాళ్లం, గీత వాళ్లే గీసుకునేవాళ్లు. ఆ రోజూ అలాగే పేపరు, పెన్సిలు వదినకిచ్చి నేను గోడ వైపు తిరిగాను. ఆమె మంచం మీద కూర్చుని, పాదం పేపరు మీద ఆనించి చుట్టూ గీసి ఇచ్చింది. ఆ గీతను చూసే అడుగు మడత ఎక్కడ రావాలో లెక్క వేశాను. బూట్లు నల్లగా, నీలం చారతో భలే కుదిరాయి.

ఆ తర్వాత వదిన రోజూ పొద్దున్నే కుట్టు క్లాసుకని వెళ్లేది. భుజాన బ్యాగు, అందులో కత్తెర, టేపు. ఆమె కుట్టిన జాకెట్టు ఒక్కటైనా ఇంట్లో కనపడలేదని ఎవరికీ అనుమానం రాలేదు. మగవాళ్ల బుర్రలు ఉద్యమంలో ఉన్నాయి, అమ్మ బుర్ర మగవాళ్ల మీద ఉంది.

ఒక రోజు పొద్దున ఏడు గంటలకు నా బూట్లు ఆటగాళ్లకు చూపించి ఆర్డర్లు పట్టాలని సరూర్‌నగర్ గ్రౌండుకు వెళ్లాను. ఒకామె చున్నీని నడుముకు బిగించి కట్టుకుని పరిగెత్తుతోంది. ముందు నాకు కనపడినవి ఆమె బూట్లు. నల్లవి, నీలం చార. "అరె, నా బూట్లు!" అని మురిసిపోయాను. ఆ తర్వాత గానీ మొహం వైపు చూడలేదు. ఇంట్లో అమ్మ ముందు కొంగు దించని మా వదిన, నలుగురు మగవాళ్లను దాటుకుని నా ముందు నుంచే దూసుకుపోయింది.

నన్ను చూసి ఆగింది. రొప్పుతూ దగ్గరికొచ్చింది.

"తమ్మీ, నీకు దండం పెడ్త. ఇంట్ల చెప్పకు."

"ఇదేంది వదినా? కుట్టు క్లాస్ అంటివి గద?"

"కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టిన. రెండున్నర కిలోమీటర్లు ఉరకాలె."

"పోలీసా? మరి అన్న?"

"మీ అన్న ఈపుకు కాపడం వెట్టింది నేనే గద. ఆయనకెట్ల చెప్పాలె? ఉద్యోగమొచ్చినంక చెప్త. గీ బూట్లు ఎందుకు అడిగిన అనుకున్నవ్? మడిచి బట్టల కింద పెడితె ఎవ్వలకు కానరావని."

ప్రయాణం కోసమని నేను కనిపెట్టింది ఆమెకు దాచుకోవడానికి పనికొచ్చింది. కొంచెం చిన్నబుచ్చుకున్నాను, నిజం చెప్పొద్దూ. కానీ ఆమె పరుగు చూశాక కాదనడానికి నోరు రాలేదు. పెళ్లికి ముందు ఊళ్లో ఖోఖో ఆడితే ఆమెను ముట్టుకున్నవాళ్లు లేరట. ఇంటరు చదివి మా ఇంట్లో అంట్లు తోముతోంది. వయసు పరిమితి కూడా దగ్గర పడుతోంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

పరుగు పరీక్ష ఐదు రోజుల్లో ఉందనగా వదిన ఒక బూటు తెచ్చి, పక్క కుట్టు ఊడింది, చూడమంది. సరిచేద్దామని లోపల చెయ్యి పెట్టాను. వేళ్లకు గరుకుగా ఏదో తగిలింది. లోపలి బట్ట విప్పి వెలుతురులో పెట్టాను. మడత ఉన్న చోట అడ్డంగా నల్లటి మరక. ఎండిన రక్తం. రెండో బూటు తెప్పించి విప్పాను. అందులోనూ అదే చోట, అదే మరక. కత్తి కింద పెట్టేసి వదిన వైపు తిరిగాను.

"ఎన్ని దినాల సంది వదినా?"

"మొదటి సంది ఉన్నది. కొత్త బూట్లు కరుస్తయ్ గద అనుకున్న. గుడ్డ కట్టుకోని ఉరుకుతున్న."

"నాకెందుకు చెప్పలే?" అని అరిచాను. ఆమె మీద కోపం కాదది. నా మీద నాకే.

"నువ్వంత సంబురంగ కుట్టినవ్. ఎట్ల చెప్పాలె?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో నాకు అప్పటికే తెలిసిపోయింది. కూర్చున్న మనిషి పాదం వేరు, నిలబడిన మనిషి పాదం వేరు. ఒంటి బరువు పడితే పాదం సాగుతుంది, వెడల్పవుతుంది. పరిగెత్తితే ఇంకా సాగుతుంది. మామూలు బూటుకైతే అది పెద్ద విషయం కాదు, దాని అడుగు ఎక్కడ కావాలంటే అక్కడ వంగుతుంది. నాది నేను గీసిన చోటే వంగుతుంది. నా మడత ఆమె పాదం వంగే చోటుకి పావు అంగుళం వెనక పడింది. ప్రతి అడుగుకూ ఆ పట్టీ అంచు చర్మాన్ని కోసింది. పదేళ్ల అనుభవం ఉన్న కటింగ్ మాస్టర్‌ని, గోడ వైపు తిరిగి నిలబడి కొలత తీసుకున్నాను.

"వదినా, నిలబడు. ఈసారి కొలత నేనే తీస్త" అన్నాను. ఆమె ఒక్క క్షణం తటపటాయించి పేపరు మీద నిలబడింది. నేను నేల మీద కూర్చుని ఆమె మడమ పట్టుకుని బరువు మొత్తం మోపమన్నాను. బొటనవేలి కింది కీలు ఎక్కడ వంగుతుందో వేలితో తడిమి గుర్తు పెడుతున్నాను. అప్పుడే అమ్మ కూరగాయలతో లోపలికి వచ్చింది.

"ఏందిరా ఇది? ఒదినె కాలు పట్కున్నవేంది?"

వదినే చెప్పింది. "అత్తమ్మా, నేను పోలీసు ఉద్యోగానికి ఉరుకుతున్న. తమ్మి తప్పేం లేదు."

అమ్మ చేతిలో సంచి వదిలేసింది. టమాటాలు మంచం కిందికి దొర్లిపోయాయి. కోడలి మొహంలోకి చూసింది. తర్వాత చూపు ఆమె పాదం మీద పడింది.

"గీ కాలుతోనా ఉరుకుతున్నవ్?"

"ఔ అత్తమ్మా."

అమ్మ తిడుతుందనుకున్నాను. లోపలికెళ్లి పసుపు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పట్కున్నోనివి పట్కున్నవ్, ఇది గూడ పెట్టు" అంది.

అన్నకు ఆ సాయంత్రమే తెలిసింది. అన్నం కంచం ముందు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"నన్ను కొట్టినోళ్ల బట్టలు తొడుగుతవా నువ్వు?"

వదిన అన్నకు ఎదురు మాట్లాడటం మేమెవరం అంతకు ముందు వినలేదు. ఆ రోజు విన్నాం.

"తెలంగాణ వస్తదంటున్నవ్ గద. వచ్చినంక పోలీసులు వద్దా? అప్పుడు గూడ ఆంధ్రకెల్లే తెస్తరా? మన కొలువులు మనకే గావాలని మైకుల చెప్పేది నువ్వే గద."

అన్న చెంపదెబ్బ తిన్నవాడిలా చూశాడు. చెప్పులేసుకుని శిబిరానికి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

నేను రెండు రోజుల్లో కొత్త జత కుట్టాను. ఈసారి మడత సరిగ్గా కీలు కింద కూర్చుంది. గర్వంగా వదిన చేతికిచ్చాను. ఆమె ఒకసారి మడిచి, విప్పి, నాకే తిరిగిచ్చింది.

"ఇగ మడత ఎందుకు తమ్మీ? ఇంట్ల అందరికి ఎరుకైంది గద. ఒక్కటే అడుగు ఏసియ్యి."

మూడు నెలల నా తెలివికి ఆమెతో ఇక పని లేదు. ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకోక తప్పలేదు. పట్టీ పీకేసి, అతుకు లేని అడుగు అంటించి ఇచ్చాను. బూటు బాగుంది. లోపల పుండు మాత్రం మానలేదు. మానడానికి ఐదు రోజులు చాలవని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

పరీక్ష రోజు వదినను స్కూటర్ మీద తీసుకెళ్లాను. అభ్యర్థులను తప్ప ఎవరినీ గేటు లోపలికి పోనివ్వలేదు. బయట నిలబడి ఈలలు, అరుపులు వింటూ ఉన్నాను. పక్కకు తిరిగి చూస్తే గోడ దగ్గర అన్న. ఎప్పుడొచ్చాడో తెలియదు. నన్ను పలకరించలేదు. చూపంతా గేటు మీదే ఉంది.

వదిన కుంటుకుంటూ బయటకు వచ్చింది. అన్నను చూసి ఆగిపోయింది.

"నాలుగు సెకన్లు" అంది. "నాలుగు సెకన్లల్ల పోయింది. నాకే దమ్ము సాలలే."

నా వైపు చూడలేదు. కాలు సంగతి ఎత్తలేదు. మళ్లీ నోటిఫికేషన్ పడడానికి ఏళ్లు పట్టింది, అప్పటికి ఆమెకు వయసు దాటిపోయింది. ఆ రోజు మాకు అదేమీ తెలియదు. అన్నకైతే ఆమె బూటు పక్క నుంచి ఊరుతున్న ఎర్రటి తడి ఒక్కటే కనిపించింది.

ఆయన తిన్నగా గేటు దగ్గరికి నడిచాడు. అక్కడ లాఠీ పట్టుకుని ఒక కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. కొడతాడేమో, కొట్టించుకుంటాడేమోనని నేను వెనకాల ఉరికాను. అన్న రెండు చేతులూ జోడించాడు.

"సార్, నా భార్య సార్. కాలుకు దెబ్బ తాకింది. ఇంకొక్కపారి ఉరకనియ్యుండ్రి సార్. నీ కాళ్లు మొక్కుత. ఉరుకుతది సార్, ఆమె మంచిగ ఉరుకుతది."

కానిస్టేబుల్ ఇబ్బందిగా తల అడ్డంగా ఊపాడు. అన్న చేతులు దించలేదు. వదిన వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని లాగే దాకా అలాగే నిలబడ్డాడు. నేను వాళ్లిద్దరి వెనక నిలబడి, ఆ పావు అంగుళం తప్పు నాదని చెప్పడానికి నోరు తెరిచాను. అన్నకు ఇప్పటికీ చెప్పలేదు.