తిరగని ట్రేలు

ఒక్క మాట. ఫోన్‌లో నేనన్న ఒకే ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

హేచరీల్లో గుడ్లు పొదిగే మెషిన్లుంటాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ మా చిన్న కంపెనీది. రాజేంద్రనగర్‌లో ఆఫీసు, కస్టమర్ల ఫోన్లు ఎత్తడం నా పని. పొదిగేటప్పుడు గుడ్ల ట్రేలు అటూ ఇటూ వంగుతూ ఉండాలి. లేకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుని చచ్చిపోతుంది. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి ట్రేలు కదలడం మానేసేవి, తెర మీద మాత్రం ‘తిరుగుతోంది’ అనే కనిపించేది. మావాళ్లు ఏదో సర్ది అప్‌డేట్ పంపారు, సపోర్ట్ కాంట్రాక్టు ఉన్నవాళ్లకే. లోపం పోయింది. ఎలా పోయిందో ఎవరికీ తెలియదు. అసలు తప్పు ఎక్కడుంది? ఆ ప్రశ్న నన్ను తొలిచేసేది.

శంషాబాద్ అవతల యాదమ్మ గారని ఒకామె హేచరీ నడిపేవారు. కాంట్రాక్టు రెన్యూ చేయించుకోలేదు. ఆ లోపం ఇంకా బతికున్నది ఆమె మెషిన్లోనే. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు.

“తమ్మీ, జర చూడు. కరెంటు వచ్చినకాంచి ట్రేలు వంగుతలేవనిపిస్తుంది. చేతులతోని తిప్పాల్నా?”

ఆఫీసు నుంచే ఆమె మెషిన్‌ను చూసే వీలుంది. చూశాను. మోటారు ఆగిపోయి ఉంది. నాకు సంతోషమేసింది. అవును, సంతోషమే. ఇన్నాళ్లకు దొరికింది! ఆమె మెషిన్‌ను కదిలిస్తే ఆ తప్పు జాడ చెరిగిపోతుంది.

“తెర మీద తిరుగుతోందనే ఉంది కదండీ. ముట్టుకోకండి, నేను చూస్తుంటాను.”

“నువ్వు చూస్తున్నవంటే ఇగ నాకు పరేషాన్ లేదు.”

సాయంత్రం దాకా చూసి చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు కూడా చూడాలనిపించింది. ఆ మర్నాడూ. చివరికి తెలిసింది: కరెంటు వచ్చినప్పుడు మెషిన్‌లోని గడియారం వెనక్కి జరుగుతోంది, ట్రేలు వంచే వేళ ఇంకా కాలేదని మెషిన్ ఎదురుచూస్తోంది. ఎంత చిన్న తప్పు! ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. అప్పుడు మెషిన్‌ను ఇక్కణ్నుంచే ఆపి మళ్లీ నడిపాను. ట్రేలు కదిలాయి. అప్పటికే ఆలస్యమైపోయింది.

నిబంధన అడ్డొచ్చిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అప్‌డేట్ కాంట్రాక్టు లేనివాళ్లకు ఇవ్వకూడదన్నది నిజమే. కానీ చేత్తో తిప్పుకోండి అనకూడదని ఎవరు చెప్పారు?

పిల్ల రాని గుడ్లు పగలగొట్టి చూశాక ఆమె మళ్లీ ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను.

“నేనే మెషిన్ తలుపు ఊకె తెరిచిన తమ్మీ, లోపలి వేడి పోయినట్టుంది. గిట్ల నా చేతులనే పోయినయి.”

కాదండీ అనాలి. “అయ్యో” అని మాత్రం అన్నాను.

కొన్నాళ్లకు ఈ పని తనకు అచ్చిరాదని మెషిన్లు అమ్మేశారు. ఆ షెడ్డును ఇప్పుడు ఎయిర్‌పోర్టు సరుకుల గోదాముకు కిరాయికిచ్చారట. ఆమెను కలవడానికి నేను వెళ్లలేదు. వెళ్తానో లేదో తెలియదు. తెలుసుకోవాలన్న ఆరాటం మంచిదని చిన్నప్పటి నుంచీ విన్నాను; ఆ రోజు నాలో ఉన్నది అదేనా, ఇంకేదైనానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మోటారు ఆగిందని నాకు తెలుసు. తెలిసే వద్దన్నాను. ఇంత మాట రాశాక కాస్త ఊపిరాడుతోంది.