తలుపు లేని తోట

నా చిన్నప్పుడు తమిళనాట గుడియాత్తంలో మా నాన్న కట్టినది ఏదీ కూలిపోలేదు. మొలవనిది మాత్రం ఒకటుంది.

నాన్న మేస్త్రి. అడిగినన్ని సిమెంటు బస్తాలు దొరకడం, మేడల మీద కేబుల్ టీవీ గొడుగులు లేవడం కొత్తగా మొదలైన కాలం అది. ఊరంతా పై అంతస్తులు వేస్తుండేది కాబట్టి మా వీధిలో ఆయన మాటకు ఎదురుండేది కాదు. అలాంటి రోజుల్లో కావేరిపాక్కంలో మా మేనత్త దగ్గరుండే అవ్వ, నాన్నను కన్నతల్లి, ఇక మా ఇంట్లోనే ఉంటానని వచ్చింది. ఒక్కటే షరతు. పెరట్లో నాలుగు కూరగాయల మొక్కలు లేకపోతే తనకు పొద్దుపోదట. ఉగాదిలోపు పచ్చగా ఏదీ కనపడకపోతే తిరిగి అత్త దగ్గరికే పోతుందట. అవ్వ వేసిన జడ బడి వదిలేదాకా ఊడేది కాదు. అందుకని ఆమె ఉండిపోవడం నాకు చాలా అవసరం.

"అంతే గదమ్మా, ఎనిమిది దినాల్లో కట్టేస్తా," అన్నాడు నాన్న.

తోటను నిజంగానే కట్టాడు. కాగితం మీద ప్లాను గీశాడు. ఇక్కడ బెండ, అక్కడ గోరుచిక్కుడు, మూలన సొర. దారాలు లాగి, ఇటుకలతో గట్లు పేర్చి, రసమట్టం పెట్టి ఎగుడుదిగుడు లేకుండా చూసుకున్నాడు. ఎర్రమన్నును ఇసుక జల్లెడలో పట్టి, మిగిలిన గడ్డలూ పేడ పెళ్లలూ అవతల పారబోశాడు. అవ్వ ఇచ్చిన విత్తనాలు వేసి, పునాది మీద కొట్టినట్టు మన్ను గట్టిపడేదాకా దిమ్మిసతో కొట్టాడు. రెండు పూటలా నీళ్లు పోసి, సిమెంటుకు చేసినట్టే క్యూరింగు చేశాడు. అంత తీరైన తోటను నేను మళ్లీ చూడలేదు. అందులో మొక్కలు లేకపోవడం ఒక్కటే కాస్త లోటు.

పక్కింటి మామ గోడ మీంచి తొంగిచూసి, "ఎన్నా మేస్త్రీ, కప్పు ఎప్పుడు పోస్తా ఉండారు?" అన్నాడు.

పదిహేను రోజులయ్యాయి. విత్తనాలు పాతవని నాన్న తేల్చాడు. అవ్వ కాదనలేదు. ఉగాది మూడు రోజులుందనగా పొద్దున్నే చీరలు సంచిలో సర్దుకుంది. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వాకిట్లో ఆయన కూలీలు పనికి బయలుదేరడానికి ఎదురుచూస్తున్నారు.

"ఏమప్పా మేస్త్రీ," అంది అవ్వ. "బాగా కట్టినావు. విత్తనం లోపల ఉండాది. అది బయటికొచ్చేదానికి తలుపు యాడ పెట్టినావు?"

కూలీల్లో ఒకడు దగ్గాడు. నాన్న పెరట్లోకి పోయి కాలి బొటనవేలితో మడిని నొక్కాడు. మడి నొక్కించుకోలేదు. అప్పుడు గడ్డపార అందుకున్నాడు. తాను కట్టినదాన్ని తానే, అదీ తన కూలీల ముందు పగలగొట్టుకోవడం ఏ మేస్త్రికైనా తలవంపులే. నాన్న పగలగొట్టాడు. మన్ను పలకలు పలకలుగా లేచింది.

"తప్పు నాదేమ్మా," అన్నాడు.

మా ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. అమ్మ చేతిలోని చెంబు జారిపడింది. నేను గోడలు నిలిచే ఉన్నాయా అని చూశాను.

అవ్వ సంచి కింద పెట్టి కొంగు ముడి విప్పింది. అందులో విత్తనాలు. నాన్నకు సగమే ఇచ్చిందట!

"ముందే తెలుసా అవ్వా?" అన్నాను.

"జల్లెడ పట్టినప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదే?"

"చెప్తే వినేదానికి వాడు మేస్త్రి గదమ్మా."

పారబోసిన పేడ పెళ్లలన్నీ తిరిగి మన్నులో కలిశాయి, కొంగులోని విత్తనాలు ఆ వదులు మన్నులో పడ్డాయి. ఉగాది నాటికి ఏమీ మొలవలేదు. గడువు మాట ఎవరూ ఎత్తలేదు, అవ్వతో సహా. విత్తిన ఆరోనాడు బెండ తలెత్తింది.

ఇప్పుడు మా అబ్బాయి ఏ పనైనా తన పద్ధతిలోనే చేస్తానని పట్టుపడతాడు. వాడూ వాళ్ల తాత మనవడే మరి. నేను వద్దనను. పనికి కావలసినదాంట్లో సగమే చేతికిస్తాను. మిగతా సగం యాడుందని వాడు ఇంతవరకూ అడగలేదు. నేను మాత్రం కొంగు తడిమి చూసుకుంటూ ఉంటాను.