రోగాల రిజిస్టరు, నీళ్ల లిస్టు

ఈ మధ్య ఒక ఆఫీసుకు పనిమీద వెళ్లాను. కౌంటర్లో కూర్చున్న అబ్బాయి నా ముందున్న ముసలాయనతో "సిస్టంలో లేదు" అని చెప్పి తల తిప్పుకున్నాడు. ముసలాయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం కూడా ఉంది. సిస్టంలో లేనంత మాత్రాన మనిషి లోకంలో లేకుండా పోడని ఆ అబ్బాయికి చెప్పాలనిపించింది కానీ వరుసలో నా వెనక చాలామంది ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక ఎండాకాలంలో ఒక గూడెం తొమ్మిది రోజులు మంచినీళ్లు లేకుండా ఉండటానికి నేనే కారణం. ఆ తప్పు మా ఆఫీసు రిజిస్టరులో నా చేత్తోనే రాశాను. ఆ రిజిస్టరు పాత కాగితాలతో పాటు తూకానికి పోయింది.

తొంభైలలో నేను నల్గొండలో ఒక ఆఫీసులో టెంపరరీ ఆపరేటరుగా ఉండేవాణ్ని. కంప్యూటర్ నేర్పే చోట చదువుకోలేదు. జిల్లా గ్రంథాలయంలో ప్రోగ్రాములు రాయడం గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని ఎనిమిది నెలలు చదివాను. కంప్యూటర్ ముఖం చూడకముందే నోటుబుక్కులో ప్రోగ్రాములు రాసి, అవి నడిస్తే ఏం వస్తుందో నేనే ఊహించుకుని కింద జవాబు కూడా రాసుకునేవాణ్ని. ఉద్యోగంలో చేరాక వాటిని ఒక్కొక్కటే మెషీన్లో ఎక్కించి చూస్తే చాలావరకు సరిగ్గానే వచ్చాయి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. దాచుకోను.

మా గదిలో పెద్దాయన ఒకరుండేవారు. పూర్వం టైపిస్టు. కంప్యూటర్ వచ్చాక టైపు మిషన్ని గుడ్డ కప్పి మూలన పెట్టి, యాభై ఏళ్ల వయసులో కొత్త కీబోర్డు ముందు కూర్చున్నారు. అందరూ ఆయన్ని సాబ్ అనేవారు. నన్ను మాత్రం ఆయన "లైబ్రరీ సాబ్" అని పిలిచేవారు. అందులో సగం మెచ్చుకోలు, సగం ఎగతాళి.

జిల్లాలోని ఊళ్లన్నిటి నీళ్ల సంగతి మా మెషీన్లో ఉండేది. ఏ ఊళ్లో ఎన్ని బోర్లు, ఎన్ని ఎండిపోయాయి, ఎక్కడి నీళ్లు తాగడానికి పనికిరావు, ఎక్కడికి ట్యాంకర్ పంపాలి అన్నీ అందులోనే. ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి ట్యాంకర్ల లిస్టు తీసేవాళ్లం. ఆ రిపోర్టులు తీసే ప్రోగ్రాం హైదరాబాద్ నుంచి ఫ్లాపీల్లో వచ్చింది. రాసినవాళ్లెవరో మాకు తెలియదు. బాగుచేయమని రెండుసార్లు ఉత్తరం రాస్తే జవాబు రాలేదు.

అందుకే సాబ్ ఒక పొడుగు రిజిస్టరు పెట్టారు. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు "రోగం", కుడివైపు "మందు". కొన్ని నాకు ఇంకా నోటికొచ్చు. రోగం: పొద్దున తీసే మొదటి రిపోర్టు సగంలో ఆగిపోతుంది. మందు: మొదట అక్కర్లేని చిన్న రిపోర్టు ఒకటి తీసి పారేసి, తర్వాత అసలుది తీయాలి. రోగం: ఊరి పేరు పొడుగైతే జనాభా పక్క గడిలోకి జరిగి బోర్ల సంఖ్య అయిపోతుంది. మందు: పేరు కుదించాలి. ఈ మందు కనిపెట్టక ముందు ఒక చిన్న ఊరికి ఆరువందల బోర్లున్నట్టు లిస్టు పోయిందట. రోగం: ముప్పై ఒకటో తారీఖున కూడిక రెండింతలు వస్తుంది. మందు: ఆ రోజు మెషీన్‌కి ముప్పయ్యో తారీఖే అని చెప్పాలి.

"మెషీన్‌కు అబద్ధం చెప్పు, పర్వాలేదు. మనిషికి చెప్పకు" అనేవారు సాబ్.

మహబూబ్‌నగర్ ఆఫీసులోనూ ఇదే ప్రోగ్రాం. అక్కడి ఆపరేటరు ఫోన్ చేసి "సాబ్, కూడిక తప్పుతాంది, మీ కాడ మందున్నదా?" అని అడిగేవాడు. సాబ్ ఫోను భుజానికి ఆనించుకుని, రిజిస్టరు తిరగేసి, మందు చదివి వినిపించేవారు. అవతలివాళ్లు కొత్త రోగం చెబితే మాదాంట్లో రాసుకునేవారు.

అన్నిటికన్నా పెద్ద రోగం పేజీ మారే చోట ఉండేది. పేజీకి యాభై అయిదు వరుసలు. పేజీ నిండగానే ప్రోగ్రాం కొత్త పేజీకి పైన శీర్షిక వేసుకునేది. ఆ తొందరలో, సరిగ్గా అక్కడ అచ్చు కావలసిన ఊరిని మింగేసేది. ఒక్క ఊరే. దాని తర్వాతిది మామూలుగా వచ్చేది. సాబ్ కనిపెట్టిన మందు ఏమిటంటే, అక్కడ లేని ఊరొకటి పెట్టడం. ప్రోగ్రాం దాన్ని మింగుతుంది, నిజమైన ఊళ్లన్నీ బతుకుతాయి. పేరు ఖాళీగా ఉంటే మెషీన్ ఒప్పుకోదు కాబట్టి ఆయన దానికి చింతబాయిగూడెం అని పేరు పెట్టారు. జనాభా కూడా రాశారు. పొరపాటున ఎవరి కంటపడినా వింతగా ఉండకూడదని మామూలు పేరు పెట్టారట.

లిస్టులోకి ఒక ఊరు కొత్తగా వచ్చినా, పోయినా పేజీ మారే చోటు జరుగుతుంది. అప్పుడు సాబ్ స్కేలు, పెన్సిలు తీసుకుని వరుసలు లెక్కపెట్టి చింతబాయిగూడేన్ని కొత్త చోటికి జరిపేవారు. నాకు ఆ స్కేలు చూస్తే నామోషీగా ఉండేది. కంప్యూటర్ పెట్టుకుని చేత్తో లెక్కపెట్టడమేమిటి? సాబ్ బంధువుల పెళ్లికి మహబూబ్‌నగర్ వెళ్లిన వారంలో, ఆ లెక్కను మెషీనే చేసేటట్టు నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. ఒక మండలానికి తీసి పరీక్షించాను. అక్షరాలా సరిగ్గా వచ్చింది. ఆ ధైర్యంతో జిల్లా లిస్టు రెండు పేజీలూ తీసి, సంతకానికి పంపాను. అధికారి సంతకం పెట్టారు. లిస్టు పోయింది. రిజిస్టరులో మందు గడిలో "ఇక స్కేలు అవసరం లేదు" అని రాశాను.

పది రోజులకు ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటుంది. కట్టంగూర్ దగ్గరి గూడెం నుంచి, వార్డు మెంబరు. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, చెంగుతో ముఖం తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. సాబ్ అప్పటికి తిరిగి వచ్చారు.

"సారూ, మా గూడేనికి ట్యాంకర్ ఎందుకు బందైంది?" అంది.

"బంద్ కాలేదమ్మా. కూసో" అన్నారు సాబ్.

"కాలేదంటె నడుస్తున్నట్టా? తొమ్మిది దినాలాయె. డ్రైవర్ను అడిగితె లిస్టుల లేదన్నడు. మండలాఫీసుకు పోతె లిస్టు నల్గొండల తయారైతదన్నరు. గీడికొస్తి. మీరు ఇంకేడికి పొమ్మంటరో చెప్పున్రి, సంచి సర్దుకొనే వచ్చిన."

సాబ్ లిస్టు నకలు తీసి ఊరి పేరు అడిగారు. ఆమె చెప్పింది. మొదటి పేజీ చివర లేదు. రెండో పేజీ మొదట్లో లేదు. రెండో పేజీలో మూడో వరుసలో మాత్రం చింతబాయిగూడెం నిక్షేపంలా ఉంది. దాని ఎదురుగా, సాబ్ రాసిన జనాభాను బట్టి, రోజుకు రెండు ట్యాంకర్లు.

సాబ్ నావైపు చూశారు. నాకు అప్పుడే తెలిసింది. నేను ఊళ్లను మాత్రమే లెక్కపెట్టాను. మండలం మారినప్పుడల్లా పడే శీర్షిక కూడా ఒక వరుసేనని, ఒక్క మండలం తీసినప్పుడు పడని ఆ వరుసలు, ఒకే పేజీలో నాలుగు మండలాలుంటే మూడు పడతాయని చూసుకోలేదు. పేజీ నేననుకున్న దానికంటే ముందే నిండింది. అక్కడ ఆమె ఊరుంది.

"బోరు లేదా అమ్మా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"ఉన్నది బిడ్డా, ఫ్లోరైడ్ నీళ్లు. నువ్వు తాగుతవా? మా పిల్లల పండ్లు చూడు, పసుపు పూసినట్టుంటయి. నా కోడలు పచ్చి బాలింత. గామె తాగెటందుకని రెండు మైళ్లు పోయి బిందె తెస్తున్న. తతిమ్మ ఇండ్లకు ఎవరు తేవాలె?"

అదే సమయానికి ట్యాంకర్ డ్రైవర్ ట్రిప్పు చిట్టీలు ఇవ్వడానికి వచ్చాడు. సాబ్ చిట్టీలు తిరగేశారు. ప్రతిదాని మీద చింతబాయిగూడెం అని రాసి ఉంది. కింద ఎవరో వేలిముద్ర వేశారు.

"నీళ్లు యాడ పోసినవ్?" అన్నారు సాబ్.

"చింతబాయిగూడెంల సాబ్."

"గా ఊరు యాడున్నది?"

"మీరే గద రాసిన్రు" అని డ్రైవర్ నవ్వాడు. "మొదటి దినం శానా తిరిగిన సాబ్. ఎవ్వల్నడిగినా ముందుకు పో అన్నరు. ఆఖరుకు ఒక గూడెంల బిందెలు పట్టుకొని ఆడోళ్లు అడ్డమొచ్చిన్రు. గిది చింతబాయిగూడెమేనా అన్న. గిదే, ఆపు అన్నరు."

"వాళ్లన్నరు, నువ్వు నమ్మినవ్."

"పది మంది ఒక్కతీరుగ చెప్పిన్రు సాబ్. ఒక ముసలామె గీ పేరు మా తాతల నాటిదన్నది."

వార్డు మెంబరుకు అప్పటికి సంగతి అర్థమైంది. ఆమె నవ్వలేదు. "మంచిగనే ఉన్నది. లేని ఊరికి రెండు ట్యాంకర్లు, ఉన్న ఊరికి ఒట్టి చేతులు" అంది.

సాబ్ తనకు చేతనైన మందు వేశారు. అధికారి ఊళ్లో లేరు, కొత్త లిస్టుకు సంతకం కావాలి. ఎలాగూ చింతబాయిగూడెం పేరున ట్యాంకర్ మంజూరై ఉంది. అది ఈ రోజే ఆమె గూడేనికి తిప్పవచ్చు. చిట్టీ మీద అదే పేరుంటుంది, వేలిముద్ర ఆమె వేస్తే చాలు. వచ్చే లిస్టులో సరిచేస్తాం.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వెయ్య" అంది.

"నీళ్లొస్తయమ్మా."

"నీళ్లొస్తయి, ఊరు పోతది. ఇయ్యాల గీ పేరు మీద ముద్రేస్తె, రేపు ఎవలన్న వచ్చి కాగితాలు చూస్తరు. మా ఊరు నీళ్లడగలేదనుకుంటరు. మంచి బోరు మంజూరైనా, పైపులైను మంజూరైనా చింతబాయిగూడేనికే పోతది. గప్పుడు గాడికి పోయి మేం బతకాల్నా? నీళ్లు ఇయ్యాలే రావాలె, పేరు గుడ ఇయ్యాలే రావాలె."

సాబ్ చేతిలోని పెన్సిలు బల్ల మీద పెట్టారు. తర్వాత దాన్నే మళ్లీ తీసుకుని, స్కేలు పెట్టి వరుసలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆయన లెక్క చెబుతుంటే నేను మెషీన్లో మార్చాను. గంటలో కొత్త పేజీ వచ్చింది. అందులో ఆమె ఊరుంది. చింతబాయిగూడెం లేదు.

అధికారి ఆ రోజు కట్టంగూర్ దగ్గర బోరు వేయిస్తున్నారని తెలిసింది. డ్రైవర్ ట్యాంకర్ నింపుకుని వచ్చాడు. వార్డు మెంబరు ముందు ఎక్కి కూర్చుంది. ఆమె పక్కన నేనూ కాగితం పట్టుకుని ఎక్కబోతుంటే సాబ్ గేటు దాకా వచ్చారు.

"ఊరు పుట్టించింది నేనని చెప్పు. నీది టెంపరరీ నౌకరీ. నాకు రిటైరయ్యేటందుకు కొన్ని దినాలే" అన్నారు.

సరే అన్నాను. కానీ బోరు దగ్గర, దుమ్ములో, అధికారి ఎదురుగా నిలబడ్డాక నిజమే వచ్చింది. పేజీ రోగం, దానికి వేసిన మందు, నా ప్రోగ్రాం, మరిచిపోయిన శీర్షిక వరుసలు, అన్నీ చెప్పాను. మధ్యలో గ్రంథాలయం పుస్తకం గురించి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

అధికారి గోదావరి వైపు మనిషి. అంతా విని, "ఇన్నాళ్లూ నేను సంతకాలు పెట్టిన వాటిలో లేని ఊళ్లు ఇంకెన్ని ఉన్నాయోయ్?" అన్నారు.

"లిస్టుకొకటి సార్. కానీ అచ్చయింది ఇదొక్కటే."

ఆయన పాత పేజీ, కొత్త పేజీ రెండూ ట్యాంకర్ మడ్‌గార్డు మీద పరిచి వేలుతో ఒక్కొక్క ఊరూ చూశారు. వార్డు మెంబరు పక్కన నిలబడి ఆ వేలునే చూస్తోంది. ఆమె ఊరి దగ్గర వేలు ఆగింది. సంతకం పెట్టారు. తర్వాత డ్రైవర్‌ని పిలిచి, ఎనిమిది తొమ్మిది రోజులు పేరు మార్చుకున్న ఆ గూడెం అసలు పేరేమిటో కనుక్కోమన్నారు. "అంత దాహం లేకపోతే ఎవరూ ఊరి పేరు మార్చుకోరు. దాన్ని కూడా దాని సొంత పేరుతో ఎక్కించండి" అన్నారు. నా ఉద్యోగం గురించి ఏమీ అనలేదు. ఇకమీదట ప్రతి లిస్టు తయారయ్యాక వరుసలు ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలని మాత్రం కొత్త పేజీ అంచున రాశారు.

గూడెంలో ట్యాంకర్ ఆగేసరికి బిందెలు అప్పటికే వరుసలో ఉన్నాయి. ఆమె ఎవరినీ పైపు ముట్టనివ్వలేదు. చిట్టీ తీసుకుని, ఊరి పేరు గట్టిగా చదవమని నాకిచ్చింది. చదివాను. ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను. అప్పుడు పెన్ను అడిగి, వేలిముద్ర కాకుండా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది.

"మన ఊరును లిస్టుల తుడిచేసింది గీ పిల్లగాడే" అని అందరికీ చూపించింది. "మల్ల గీయనే రాసుకొచ్చిండు. ఇయ్యాల పైపు గీయనే పట్టుకుంటడు, ఆఖరు బిందె దాక."

ఎవరో ముసలావిడ "రాసుడే వచ్చా, పట్టుకొనుడు గుడ వచ్చా?" అంది. అందరూ నవ్వారు. పట్టుకున్నాను. చొక్కా అంతా తడిసింది. మొదటి బిందె బాలింత ఇంటికి పోయింది.

మర్నాడు రిజిస్టరులో "ఇక స్కేలు అవసరం లేదు" అన్న మాట కొట్టేసి, కింద రెండు వాక్యాలు రాశాను. శీర్షిక వరుసలు కూడా లెక్కలోకి వస్తాయి. పేజీ చివర పెట్టే ఊరికి నిజమైన పేరులాంటిది పెట్టకూడదు, "ఈ ఊరు లేదు" అనే పెట్టాలి. సాబ్ చదివి, పక్కన తన పొడి అక్షరాలు పెట్టి, మహబూబ్‌నగర్‌కు ఫోన్ కలిపారు. వాళ్ల లిస్టుల్లోనూ ఏ ఊరైనా మాయమైందేమో చూసుకోమన్నారు. కల్వకుర్తి వైపు ఒకటి దొరికిందని సాయంత్రానికి జవాబు వచ్చింది. దాన్నీ ఆ వారమే ఎక్కించారు.

ఈ సంగతిలోని వాళ్లందరి పేర్లూ నాకు గుర్తున్నాయి. అడగకుండా అచ్చులో వేయడం మర్యాద కాదు కనుక చేసిన పనులతోనే తలుచుకుంటాను. ఎండలో నిలబడి ఊళ్లను వేలితో చదివిన అధికారికి, తప్పు తన మీద వేసుకోబోయిన సాబ్‌కు, అడిగిన ఊరికల్లా బండి తిప్పిన డ్రైవర్‌కు, బయటికి ఇవ్వకూడని పుస్తకాన్ని ఆదివారాలు నాకిచ్చి సోమవారం పొద్దున్నే గుర్తుపెట్టుకుని అడిగిన గ్రంథపాలకునికి నా దండాలు. పేరు మార్చుకుని నీళ్లు పట్టుకున్న ఆ గూడెం ఆడవాళ్లకు కూడా. వార్డు మెంబరుకు మాత్రం దండం సరిపోదు. వేలిముద్ర వేసి ఉంటే ఆమెకు ఆ గంటలోనే నీళ్లు దొరికేవి. కోడలు ఇంట్లో ఎదురుచూస్తున్నా ఆగి, ఊరి పేరుతో సహా తీసుకుపోయింది.