చలిగాలి మీద తీర్మానం

క్లైవ్ ప్రూయెట్ ఇరవై ఆరేళ్లుగా రోజూ ఉదయం తొమ్మిదింటికి పెరట్లో థర్మామీటరున్న తెల్లపెట్టె తలుపు తీసి, ఎన్ని డిగ్రీలుందో చూసి పుస్తకంలో రాస్తాడు. భార్య డాఫ్నీ పోయిన రోజు కూడా రాశాడు: ఆరు డిగ్రీలు, చినుకులు. తన కళ్లతో చూడని అంకె ఆ పుస్తకంలో ఒక్కటీ లేదు. డాఫ్నీ పోయాక అతనితో కూర్చుని టీ తాగే మనుషులు ఊరి వాతావరణ సంఘం వాళ్లే.

సంఘమంటే మొత్తం ఆరుగురు. వెచ్చగాలిని గెంటేస్తూ చలిగాలి ఊరు దాటే రోజున హాల్లో చేరతారు. అది దాటిన నిమిషం రిజిస్టర్లో రాసి, ఆరుగురూ సంతకాలు పెట్టాకే కేకు కోయాలి. అదీ కట్టుబాటు.

ఆ శనివారం మూడింటికి రావాల్సిన చలిగాలి నాలుగున్నరైనా పత్తా లేదు. గాజుమూత కింద నిమ్మకాయ కేకు అందరికీ నోరూరిస్తోంది.

అధ్యక్షురాలు మార్జొరీ ఆస్క్యూ లేచి నిలబడింది. "మూడూ పదికి దాటిపోయిందని తీర్మానం పెడుతున్నాను. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి."

ఐదు చేతులు లేచాయి. కోశాధికారి నెవిల్ రెండో చేత్తో అప్పటికే కత్తి పట్టుకున్నాడు.

"మీరొక్కరే మిగిలారు, క్లైవ్ గారూ," అంది మార్జొరీ.

"బయట ఇంకా పంతొమ్మిది డిగ్రీలుందండీ. నాకు చెమటలు పడుతున్నాయి."

"అది మీ ఒంటి తీరు. సంతకం పెట్టండి. లేదంటే ఇకమీదట మీ పెరట్లో మీరే చూసుకోండి."

క్లైవ్‌కి ఖాళీ ఇల్లు, ఒంటి కప్పు టీ గుర్తొచ్చాయి. కలం చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ చెయ్యి రాలేదు. కలం అక్కడే పెట్టేసి బయటికి నడిచాడు. లోపల ఐదు సంతకాలతోనే కేకు కోసేశారు.

నాలుగూ యాభై రెండుకి గాలి గిరుక్కున వాయవ్యానికి తిరిగింది. క్లైవ్ టోపీ ఎగిరిపోయింది. హాలు గోడమీది థర్మామీటర్లో పంతొమ్మిది కాస్తా పన్నెండైంది, వాన దంచేసింది. సంతోషం పట్టలేక కిటికీ బాదాడు.

"వచ్చింది! వచ్చేసింది!"

మార్జొరీ కిటికీ ఓరగా తెరిచింది. "వెళ్లిపోయింది మళ్లీ ఎలా వస్తుందండీ? తప్పుకోండి, చలేస్తోంది." కిటికీ మూసుకుపోయేలోగా వెనక ఎవరో రిజిస్టర్లో రాస్తూ పైకి చదవడం వినిపించింది: "ఆ తర్వాత ఆకాశం నిర్మలం."

కాసేపటికి నెవిల్ రెండు ప్లేట్లతో బయటికొచ్చి, తడుస్తూ పక్కన నిలబడ్డాడు.

"ఎంతకి దిగింది?"

"పన్నెండుకి."

"అబ్బో, ఏడు డిగ్రీలు తగ్గిందే!" ఒక ప్లేటు క్లైవ్ చేతికిచ్చాడు. "నా పేరు మాత్రం రాయకు బాబూ. మార్జొరీ నన్ను బతకనివ్వదు."

క్లైవ్ కోటు లోపల్నించి పుస్తకం తీశాడు. టైము రాశాడు, డిగ్రీలు రాశాడు. కింద ఇంకో వరుస రాశాడు: చూసినవాళ్లు, ఇద్దరు.